ఇంటి గదిలో సంగీతం రికార్డు చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గాత్రమో వీణో మృదంగమో కొంతకాలం నేర్చుకుని, తమ సంగీతాన్ని ఇంట్లోనే కంప్యూటర్‌లో రికార్డు చేసుకోవాలనుకునే వారి కోసం ఈ ప్రశ్నోత్తరాలు. కర్ణాటక సంగీతాన్ని, లలిత గీతాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి కాబట్టి డ్రమ్ముల గురించి, ఎలక్ట్రిక్ గిటార్ గురించి ఇందులో ఏమీ ఉండదు.

కంప్యూటర్ కాక ఇంకా ఏమేమి కొనాలి?

మైకు, ఆడియో ఇంటర్‌ఫేస్, చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్, కదలకుండా నిలిచే స్టాండు ఉంటే పని మొదలుపెట్టవచ్చు. ఇంటర్‌ఫేస్ అంటే మైకు నుంచి వచ్చే అతి బలహీనమైన సంకేతాన్ని పెంచి, అంకెలుగా మార్చి, యూఎస్‌బీ తీగ ద్వారా కంప్యూటర్‌కు అందించే చిన్న పెట్టె. ప్రారంభ స్థాయి వస్తువులను ఎంచుకుంటే ఇవన్నీ కలిపి పదిహేను, ఇరవై వేల రూపాయల మధ్య సమకూరుతాయి. ఒక్క గొంతు మాత్రమే రికార్డు చేసుకునేవారికి ఇంటర్‌ఫేస్ లోపలే ఇమిడి ఉన్న యూఎస్‌బీ మైకు చాలు. కానీ రేపు మృదంగానికి మరో మైకు కావలసి వస్తే దానితో చిక్కే. స్పీకర్లు తరువాత చూసుకోవచ్చు. స్టాండు విషయంలో మాత్రం పొదుపు చేయకండి, ఎందుకంటే పాట మధ్యలో మెల్లగా తల వాల్చే స్టాండు పెట్టే చికాకు ఇంతా అంతా కాదు.

ఖరీదైన మైకు కొంటే స్టూడియో నాణ్యత వస్తుందా?

రాదు. ఖరీదైన మైకు గదిని మరింత స్పష్టంగా వినిపిస్తుంది, అంతే. మన ఇళ్లలో చాలావరకు సిమెంటు శ్లాబు, నున్నటి గోడలు, టైల్స్ లేదా గ్రానైటు పరిచిన నేల ఉంటాయి. ఈ మూడూ ధ్వనిని పీల్చుకోకుండా తిప్పికొట్టేవే. గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. చప్పుడు ఆగిన తరువాత ‘ఝుం’ అనే సన్నని తోక ఒకటి వినిపిస్తే, ఆ తోక మీరు పాడే ప్రతి స్వరం వెనకా ఉంటుంది. రికార్డయిన తరువాత దాన్ని పూర్తిగా తీసేసే సాధనం ఏదీ లేదు.

అందువల్ల మొదటి ఖర్చు, నిజానికి ఖర్చు లేని మొదటి పని, గదిని సర్దుకోవడమే. పరుపున్న మంచం, బట్టలు నిండిన అలమర, దళసరి పరదాలు ఉన్న పడకగది ఖాళీ హాలు కంటే ఎన్నో రెట్లు మేలు. పాడేవారు ఎటువైపు తిరిగి కూర్చోవాలనే విషయంలో చాలామంది పొరబడతారు. సాధారణంగా దొరికే కార్డియాయిడ్ మైకు తన ముందువైపు శబ్దాన్ని ఎక్కువగా, వెనకవైపు శబ్దాన్ని తక్కువగా తీసుకుంటుంది. మైకు ముందు ఉన్నది పాడేవారు ఒక్కరే కాదు, వారి వీపు వెనక ఉన్న గోడ కూడా. కాబట్టి బొంతలు, రగ్గులు మైకు వెనక వేలాడదీయడం కన్నా పాడేవారి వెనక వేలాడదీయడం వల్ల ప్రయోజనం ఎక్కువ. అలమర తలుపులు తెరిచి, దానికి వీపు పెట్టి కూర్చున్నా సరిపోతుంది. పట్టుచీరలు ఇంతకన్నా గొప్ప సంగీతసేవ చేసే సందర్భం మరొకటి ఉండదు.

గది మూలలో, సరిగ్గా గది నడిమధ్యలో కూర్చోకండి. ఎదురెదురు గోడల మధ్య కొన్ని పౌనఃపున్యాలు నిలిచిపోయి ఉబ్బుతాయి. గోడల మధ్య దూరం పది అడుగులైతే సుమారు 56 హెర్ట్జ్, దానికి రెట్టింపైన 112 హెర్ట్జ్ దగ్గర ఈ ఉబ్బు కనిపిస్తుంది. పొడవు, వెడల్పు సమానమైన గదిలో రెండు జతల గోడలూ ఒకే పౌనఃపున్యాన్ని ఉబ్బిస్తాయి కాబట్టి, ఇంట్లో వేరే గది ఉంటే చదరపు గదిని వదిలేయడం మంచిది.

గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికిస్తే ఉపయోగం ఉంటుందా?

దాదాపు ఉండదు. అవి పై పౌనఃపున్యాలను మాత్రమే కొద్దిగా చెదరగొడతాయి, గదిలోని అసలు సమస్య అయిన కింది పౌనఃపున్యాలను తాకను కూడా తాకవు, పైగా నిప్పంటుకుంటే వేగంగా మండుతాయి. బయట వెళ్లే ఆటో శబ్దం లోపలికి రాకుండా ఆపడం వేరు, లోపలి ప్రతిధ్వనిని తగ్గించడం వేరు అని కూడా గుర్తుంచుకోవాలి. మొదటిదానికి బరువైన గోడలు, సందులేని తలుపులు కావాలి; బొంతలు రెండోదానికే పనికివస్తాయి.

ఫ్యాను, ఏసీ, వీధి చప్పుళ్లను ఏం చేయాలి?

ఫ్యాను ఆపి తీరాలి. దాని గాలి మైకును నేరుగా తాకితే గుబగుబమనే శబ్దం కూడా చేరుతుంది. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో రామగుండంలోనో తలుపులు బిగించి ఫ్యాను లేకుండా పాడమనడం క్రూరత్వమే కాబట్టి, ఒక్కొక్క విడత పది నిమిషాలకు మించకుండా పాడి, మధ్యలో గదిని చల్లబరచుకోండి. తెల్లవారుజామున నిశ్శబ్దంగా ఉంటుందని అందరూ చెబుతారు. ధనుర్మాసంలో గుడి మైకు, వసంతంలో కోయిల ఆ మాటను ఒప్పుకోవు. నా అనుభవంలో రాత్రి పదకొండు దాటిన తరువాతి సమయమే నమ్మదగినది. అంతకు ముందు ప్రయత్నించిన ఒక రికార్డింగ్‌లో రెండో చరణం చివర పక్కింటి కుక్కరు సరిగ్గా సమం మీద విజిల్ వేసింది.

సన్నగా, ఆగకుండా ‘హూం’ అని వినిపించే శబ్దం వేరే రకం. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌తో నడుస్తుంది కాబట్టి ఆ హమ్ 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ల్యాప్‌టాప్ చార్జరును తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. పోతే కారణం దొరికినట్టే. పోకపోతే ఇంటి ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. ప్లగ్గు నుంచి ఎర్తు పిన్ను విరిచేయడం అనే ప్రాణాంతకమైన చిట్కాను మాత్రం ఎన్నడూ పాటించకండి. కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడుస్తున్నప్పుడు హమ్ పెరిగితే, కరెంటు వచ్చేదాకా ఆగడమే మార్గం.

కండెన్సర్ మైకు మంచిదా, డైనమిక్ మైకు మంచిదా?

గది బాగా సర్దుకోగలిగితే కండెన్సర్, లేకపోతే డైనమిక్. కండెన్సర్ మైకు సున్నితమైనది. గొంతులోని సన్నని ఊపిరిని, వీణ తీగ చివరి కంపనాన్ని కూడా పట్టుకుంటుంది, అలాగే వంటింట్లో గిన్నె పడిన చప్పుడునూ పట్టుకుంటుంది. దానికి ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అందాలి. ఆ బటన్ నొక్కడం మరిచిపోయి మైకు పాడైందని దుకాణానికి తిరిగి తీసుకువెళ్లినవారు ఉన్నారు. డైనమిక్ మైకుకు ఆ కరెంటు అవసరం లేదు. 1966లో వచ్చిన ష్యూర్ ఎస్ఎం58 నేటికీ మన సభల్లో కనిపించే డైనమిక్ మైకే. డైనమిక్‌ను నోటికి దగ్గరగా పెట్టి పాడతాం కనుక గొంతు ముందు గది చిన్నబోతుంది.

మైకు నోటికి ఎంత దూరంలో ఉండాలి?

టేపు అవసరం లేదు, మన పాత కొలతలే చాలు. డైనమిక్ మైకుకు బెత్తెడు, కండెన్సర్‌కు జానెడు, వీణకు మూరెడు. దూరం రెట్టింపైతే గొంతు నుంచి మైకును నేరుగా చేరే శబ్దం సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది, గది ప్రతిధ్వని మాత్రం తగ్గదు. కాబట్టి జానెడు కాస్తా రెండు జానలైతే గది ఒక్కసారిగా ముందుకు వస్తుంది. మరీ దగ్గరైతే మంద్రస్థాయి అసహజంగా బరువెక్కుతుంది. పాట మధ్యలో తల అటూ ఇటూ ఊపే అలవాటు ఉన్నవారి గొంతు ఒక పంక్తిలో దగ్గరగా, మరో పంక్తిలో దూరంగా వినిపించేది ఇందువల్లనే.

‘ప, ఫ, బ, భ’ పలికేటప్పుడు నోటి నుంచి వెలువడే గాలి మైకును గుద్దుతుంది. తెలుగు కీర్తనల్లో ‘భ’కు కొదవ లేదు కాబట్టి ఆ గాలిని అడ్డుకునే పాప్ ఫిల్టర్ తప్పనిసరి. కుట్టుపని చేసేవారు వాడే చట్రానికి పలుచని సాగే గుడ్డ బిగించి మైకుకు నాలుగు వేళ్ల దూరంలో నిలిపినా అదే పని చేస్తుంది. ‘స, శ, ష’లు చెవిలో గుచ్చుకుంటుంటే మైకును నోటికి ఎదురుగా కాక కొంచెం పక్కకు తిప్పి పెట్టండి. నేల మీద కూర్చుని పాడేవారు తొడపై తాళం వేస్తే ఆ చప్పుడు గాలిలోనూ నేలలోనూ ప్రయాణించి మైకును చేరుతుంది. మడతపెట్టిన తువ్వాలు మీద స్టాండును నిలిపి, తాళాన్ని వేళ్లతోనే లెక్కపెట్టుకోవడం మంచిది. గాజులు తీసి పక్కన పెట్టండి.

తంబూరా శ్రుతిని ఎలా వినాలి?

హెడ్‌ఫోన్‌లోనే వినాలి. ఫోన్‌లో శ్రుతి పెట్టి పక్కన ఉంచుకుంటే ఆ శబ్దం గొంతు ట్రాక్‌లో కలిసిపోతుంది, తరువాత దాన్ని విడదీయలేరు, తగ్గించలేరు, పాటలో ఒక పంక్తిని కత్తిరించి అతికిస్తే అతుకు దగ్గర తంబూరా తడబడటం స్పష్టంగా తెలుస్తుంది. ముందుగా తంబూరా నాదాన్ని పది నిమిషాల ఫైలుగా కంప్యూటర్‌లో ఒక ట్రాక్‌పై పరచి, దాన్ని వింటూ పాడండి. ఒకటి శ్రుతి అంటే కీబోర్డుపై సి, ఒకటిన్నర అంటే సి షార్ప్, ఐదు అంటే జి. తరువాత కీబోర్డు చేర్చే ఆలోచన ఉంటే తంబూరాను కీబోర్డు ‘ఏ’ (A) స్వరం 440 హెర్ట్జ్ అనే ప్రమాణానికి సరిచూసుకోవాలి. పాత హార్మోనియం శ్రుతికి పాడిన పాటకు తరువాత కీబోర్డు కలపబోతే రెండూ పొసగవు.

రికార్డింగ్ స్థాయి ఎంత పెట్టాలి?

గొంతు అత్యంత గట్టిగా పలికే చోట కూడా మీటరు మైనస్ 10 డెసిబెళ్లు దాటకుండా చూసుకోండి. డిజిటల్‌లో సున్నా అంటే అంతిమ హద్దు. అక్కడ తల తెగిన తరంగాన్ని ఏ సాఫ్ట్‌వేరూ యథాతథంగా తిరిగి తేలేదు. టేపుల కాలంలో రొద వినపడకుండా ఉండేందుకు స్థాయిని వీలైనంత పెంచేవారు, ఆ అలవాటు ఇప్పుడు అనవసరం. బిట్లు అంటే ఒక్కొక్క ధ్వని నమూనాను రాయడానికి వాడే అంకెల సంఖ్య. 16 బిట్లలో అతి చిన్న, అతి పెద్ద శబ్దాల మధ్య సుమారు 96 డెసిబెళ్ల వ్యత్యాసం ఇముడుతుంది, 24 బిట్లలో సిద్ధాంతరీత్యా 144. కాబట్టి 24 బిట్లు ఎంచుకుని నిశ్చింతగా తక్కువ స్థాయిలో రికార్డు చేయవచ్చు. పరీక్షించేటప్పుడు పల్లవి మొదటి పంక్తి కాదు, తారస్థాయికి వెళ్లే చరణం పాడి చూడండి.

44.1 కిలోహెర్ట్జా, 48 కిలోహెర్ట్జా?

ధ్వనిని అంకెలుగా మార్చేటప్పుడు సెకనుకు ఎన్ని వేల నమూనాలు తీసుకోవాలో చెప్పే అమరిక ఇది. వీడియోతో జతచేసేదైతే 48, లేకపోతే ఏదైనా ఒకటే. మనిషి చెవి వినగల గరిష్ఠ పౌనఃపున్యం సుమారు 20 కిలోహెర్ట్జ్. దానికి రెట్టింపుకు పైగా నమూనాలు తీసుకుంటే చాలు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వద్ద ఒక మోనో ట్రాక్ నిమిషానికి సుమారు 8.6 మెగాబైట్లు తీసుకుంటుంది. 96 కిలోహెర్ట్జ్ పెట్టుకుంటే రెట్టింపు చోటు పోతుంది, ఇంటి రికార్డింగ్‌లో వినిపించే లాభం ఉండదు.

హెడ్‌ఫోన్‌లో నా గొంతు నాకే ఆలస్యంగా వినిపిస్తోంది. ఎందుకు?

కంప్యూటర్ ధ్వనిని చిన్న చిన్న మూటలుగా కట్టి పంపుతుంది. ఆ మూట పరిమాణమే బఫర్. 48 కిలోహెర్ట్జ్ వద్ద 256 నమూనాల బఫర్ అంటే ఒక వైపుకు 5.3 మిల్లీసెకన్లు, వెళ్లి రావడానికి, ఇంటర్‌ఫేస్‌ను కంప్యూటర్‌తో కలిపే డ్రైవర్ అనే ప్రోగ్రామ్ పనికి కలిపి అంతకు రెట్టింపుకు మించుతుంది. గాలిలో ధ్వని ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు వెళుతుంది కాబట్టి, పది మిల్లీసెకన్ల ఆలస్యం పదకొండు అడుగుల అవతల కూర్చున్న వారిని వింటున్నట్టు ఉంటుంది. ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటర్ అనే మీట ఉంటే అదే వాడండి, అప్పుడు గొంతు కంప్యూటర్‌లోకి పోకముందే చెవికి చేరుతుంది. విండోస్ వాడేవారు ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చే ఆలస్యాన్ని తగ్గించే ఏసియో (ASIO) డ్రైవర్‌ను ఎంచుకోవాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌తో ఈ పని జరగదు.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

ఒకటి రెండు ట్రాకులకు 2000లో వెలువడిన ఆడాసిటీ ఉచితం, సరిపోతుంది. మ్యాక్ ఉన్నవారికి గరాజ్‌బ్యాండ్ ఉచితంగా వస్తుంది. ఎక్కువ ట్రాకులు పేర్చేవారికి రీపర్ తేలికైనది, 60 రోజులు వాడి చూసి కొనుక్కోవచ్చు. లినక్స్‌పై ఆర్డర్ (Ardour) అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఏది వాడినా రికార్డు బటన్ నొక్కే ముందు ఇన్‌పుట్‌గా ఇంటర్‌ఫేస్ ఎంపికై ఉందో లేదో మైకు జాలీపై వేలితో గీకి నిర్ధారించుకోండి. ఒక సాయంత్రం మొత్తం పాడించుకుని, ల్యాప్‌టాప్ లోపలి మైకు మాత్రమే పని చేసిందని చివర్లో గ్రహించిన వ్యక్తి ఈ మాట చెబుతున్నాడు.

వీణకు మైకు ఎక్కడ పెట్టాలి?

కుండ పైపలకకు ఎదురుగా, గుర్రానికీ చివరి మెట్లకూ మధ్య ప్రాంతాన్ని చూస్తూ, మూరెడు దూరంలో. మరీ దగ్గరగా కుడిచేతి వద్ద పెడితే మీటు చప్పుడు, గోటి రాపిడి నాదాన్ని మింగేస్తాయి. వీణ స్వభావతః చిన్న గొంతు వాద్యం కాబట్టి గదిలో రొద ఎంత తక్కువ ఉంటే అంత మేలు. కచేరీల్లో వాడే కాంటాక్ట్ పికప్‌ను ఇంట్లో ఒంటరిగా వాడకండి. అది చెక్క కంపనాన్ని మాత్రమే తీసుకుంటుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మానుతో మలిచిన వీణకు ఉండే గుంభనమైన నాదం, ఆ చెక్క కదిలించిన గాలిని మైకు పట్టుకుంటేనే వినిపిస్తుంది.

మృదంగాన్ని, గాత్రాన్ని ఒకేసారి రికార్డు చేయాలా, విడివిడిగానా?

విడివిడిగా చేస్తే దిద్దుకోవడం సులభం. అయినా వీలైతే ఒకేసారి చేయమనే నా సలహా. మృదంగ విద్వాంసుడు గాయకుని ఊపిరిని చూసి వాయిస్తాడు. ముందే రికార్డయిన గొంతుకు తరువాత వాయించినప్పుడు సంగతులకు ముందు కలిగే ఆ చిన్న ఎదురుచూపు మాయమవుతుంది. ఒకే గదిలో అయితే గాయకుని మైకు వీపు మృదంగం వైపు, మృదంగం మైకు వీపు గాయకుని వైపు ఉండేలా కూర్చోబెట్టండి. ఒక మైకు తన వాద్యానికి ఎంత దూరంలో ఉందో, రెండో మైకు ఆ మొదటి మైకుకు అంతకు కనీసం మూడింతల దూరంలో ఉండాలన్నది స్థూలమైన నియమం. కొద్దిపాటి కలగలుపును సహించవచ్చు, కానీ తప్పు పాడిన పంక్తిని ఇద్దరూ కలిసి మళ్లీ చేయవలసి ఉంటుంది.

మృదంగానికి ఒకే మైకు ఉంటే ఎదురుగా, కుడి మూతవైపు కొద్దిగా జరిపి, మూరెడున్నర దూరంలో పెట్టండి. రెండు మైకులు పెట్టినప్పుడు కలిపి వింటే ఎడమ మూత గుమికి పలుచబడినట్టు అనిపిస్తే, ఒక ట్రాక్ పోలారిటీని, అంటే తరంగం పైకీ కిందికీ కదిలే దిశను, తిప్పి చూడండి; గుమికి తిరిగి నిండుగా వస్తే అలాగే ఉంచండి. ఎడమ మూతకు అద్దిన రవ్వ ముద్ద ఏసీ గాలికి త్వరగా ఆరిపోయి శ్రుతి మారుతుంది కాబట్టి ప్రతి కృతికి ముందు సరిచూసుకోవడం అవసరం.

మెట్రోనోమ్ పెట్టుకుని పాడాలా?

కీబోర్డు, లయ లూపులు చేర్చే లలిత గీతాలకు పెట్టుకోవాలి. మిశ్రచాపుకు ఏడు, ఖండచాపుకు ఐదు మాత్రలుగా సాఫ్ట్‌వేర్‌లో మార్చుకోవచ్చు. చాలామంది నాలుగు మాత్రల తయారీ అమరికనే వదిలేసి, సమం ఎక్కడుందో తెలియక తికమకపడతారు. ఆలాపనకు, శ్లోకానికి వద్దు. కృతికి మొదటి ఆవర్తం విని కాలప్రమాణం కుదుర్చుకున్న తరువాత ఆపేయడం ఒక మధ్యేమార్గం.

అపస్వరాలను ఆటోట్యూన్‌తో సరిదిద్దవచ్చా?

1997లో వచ్చిన ఆటోట్యూన్, దాని తరువాత వచ్చిన అలాంటి సాధనాలు పలికిన శ్రుతిని దగ్గరలో ఉన్న స్వరస్థానానికి లాగడం అనే సూత్రంపై పని చేస్తాయి. మన సంగీతంలో స్వరం తరచు ఒక బిందువు కాదు, ఒక కదలిక. తోడి రాగ గాంధారం పక్క స్వరాన్ని తాకుతూ ఊగితేనే అది తోడి గాంధారం. ఆ ఊపును సాధనం పొరపాటుగా భావించి మెట్లుగా కత్తిరిస్తుంది, గమకం స్థానంలో యంత్రపు గిలక శబ్దం మిగులుతుంది. కదలని షడ్జ పంచమాలపై, దీర్ఘంగా నిలిపిన స్వరం కొద్దిగా దిగినప్పుడు, ఆ ఒక్క స్వరాన్నే ఎంచుకుని చేత్తో సరిచేయడం వరకు దానితో ఇబ్బంది లేదు. పాట మొత్తానికి తగిలించకండి. ఆ పంక్తిని మళ్లీ పాడటానికి రెండు నిమిషాలు పడుతుంది. గమకాన్ని సాఫ్ట్‌వేర్‌లో బతికించడానికి రెండు గంటలు పట్టినా పని పూర్తికాదు.

రికార్డయిన రొదను తీసేయవచ్చా?

కొంతవరకు. పాడటానికి ముందు ఐదారు సెకన్లు ఎవరూ కదలకుండా ఖాళీ గదిని రికార్డు చేస్తే, ఆ నమూనాను చూపించి నాయిస్ రిడక్షన్ చేయవచ్చు. 6 నుంచి 10 డెసిబెళ్ల వరకు తగ్గించి ఆపేయండి. అంతకు మించితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు బుడబుడలాడుతుంది.

ఈక్వలైజర్, కంప్రెసర్, రివర్బ్ ఏ మేరకు వాడాలి?

పౌనఃపున్యాలను విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్‌తో గొంతుకు 80 హెర్ట్జ్ కింద కత్తిరించండి. మృదంగానికి అదే అమరికను వాడితే ఎడమ మూత గుమికి పోతుంది. డబ్బాలోంచి పాడినట్టు ఉంటే 250 నుంచి 400 హెర్ట్జ్ మధ్య రెండు మూడు డెసిబెళ్లు తగ్గించి వినండి. గట్టి శబ్దాలను అణిచి హెచ్చుతగ్గులను తగ్గించే కంప్రెషన్ 2:1, 3:1 నిష్పత్తి దాటనవసరం లేదు. మంద్రం నుంచి తారానికి గొంతు సహజంగా విప్పారే తీరును అది చదును చేస్తుంది. కృత్రిమంగా చేర్చే ప్రతిధ్వని అయిన రివర్బ్‌ను అది ఉన్నట్టు తెలిసేదాకా పెంచి, అక్కడి నుంచి కొంచెం తగ్గించండి. రాత్రి బాగుందనిపించిన రివర్బ్ తెల్లవారి వింటే తిరుపతి కల్యాణ మండపంలా ఉంటుంది.

వాట్సాప్‌లో పంపితే నాణ్యత ఎందుకు పడిపోతోంది?

వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని మళ్లీ కుదిస్తుంది. ఎంపీ3 ఫైలును డాక్యుమెంట్‌గా జతచేస్తే ఉన్నది ఉన్నట్టే చేరుతుంది. 320 కిలోబిట్ల ఎంపీ3 నిమిషానికి సుమారు 2.4 మెగాబైట్లు. యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు పాటను గట్టిగా ఉబ్బించనవసరం లేదు, అది మరీ గట్టిగా ఉన్నవాటిని సుమారు మైనస్ 14 లఫ్స్ (చెవికి తెలిసే గట్టిదనానికి కొలమానం, LUFS) స్థాయికి తానే తగ్గిస్తుంది.

కీర్తనలు, సినిమా పాటలు పాడి పెట్టడానికి అనుమతి కావాలా?

భారతీయ చట్టం ప్రకారం రచయిత, స్వరకర్త మరణించిన తరువాత అరవై ఏళ్ల వరకు వారి కృతిపై హక్కులు ఉంటాయి. త్యాగరాజు 1847లో పరమపదించారు కాబట్టి ఆయన కృతులపై ఎవరికీ హక్కు లేదు. అన్నమాచార్యుల విషయంలో జాగ్రత్త అవసరం: సాహిత్యం పదిహేనో శతాబ్దానిదే అయినా, రాగిరేకుల మీద దొరికిన ఆ సంకీర్తనలకు ఇప్పుడు మనం పాడే వరసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. ఆ వరసలకు వేరే హక్కులు ఉండవచ్చు. సినిమా పాటకు రచన, బాణీలపై ఒక హక్కు, రికార్డింగ్‌పై మరో హక్కు ఉంటాయి. ఇంటర్నెట్‌లో దొరికిన కరోకే ట్రాక్ కూడా ఎవరో ఒకరి రికార్డింగే.

రికార్డు చేసినవాటిని ఎలా భద్రపరచాలి?

మిక్స్ చేసిన ఎంపీ3 ఒక్కటే కాదు, ఏ మార్పూ చేయని అసలు వేవ్ ఫైళ్లనూ దాచాలి. ఒక ప్రతి కంప్యూటర్‌లో, ఒకటి బయటి హార్డ్ డిస్కులో, ఒకటి ఇంటి బయట, అంటే క్లౌడ్‌లో గానీ బంధువుల ఇంట్లో గానీ ఉంచండి. ఫైలు పేరులో తేదీ, రాగం, తాళం, శ్రుతి రాసుకోండి; ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’, ‘అసలైన ఫైనల్’ అనే పేర్ల మధ్య ఏడాది తరువాత తేడా చెప్పడం పాడినవారికి కూడా కష్టం.